నచ్చినందున తిరస్కరించడమైనది

హన్మకొండ వర్తక సంఘం వారి ఫోటో పోటీకి ఈ ఏడాది కూడా గట్టయ్య గారినే న్యాయనిర్ణేతగా నియమించినట్లు ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. నలభై ఏళ్లు స్టూడియో నడిపి, సగం ఊరి పెళ్లిళ్లలో "జర నవ్వుండ్రి" అని అరిచిన మనిషి ఆయన.

నిరుడు మాత్రం ఘోరం చేశాడు. బర్రెదూడ ఫోటోకు మొదటి బహుమతి ఎందుకిచ్చారని అడిగితే, మైకు ముందే "నాకు నచ్చింది" అనేశాడు. నచ్చిందట! సంఘం వాట్సాప్ గ్రూపు వారం రోజులు ఉడికిపోయింది. ఓపెన్ మైండ్ లేని మనిషని తీర్మానం కూడా అయింది. పాపం, ఆయనకు నెలరోజులు అన్నం సహించలేదు. ఈసారీ మాట పడితే నలభై ఏళ్ల పేరు గంగలో కలిసినట్టే.

అందుకని పకడ్బందీ పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. గ్రూపుకు వచ్చిన ప్రతి ఫోటోనూ ప్రింటు వేయించి, పేర్లు లేకుండా ఆయన ముందు పెట్టారు. నచ్చినవి ఎడమకు, నచ్చనివి కుడికి. ఎడమవన్నీ సొంత ఇష్టం కింద రద్దు. కుడివాటిలో బొత్తిగా నచ్చనిదానికి మొదటి బహుమతి.

పాలంపేట వరినాట్లు ఎడమకు పోయాయి. ధర్మసాగర్ నీళ్ల మీద పొద్దుగుంకడమూ అటే పోయింది. తర్వాత మిర్చి యార్డు ఫోటో వచ్చింది. చేతులనిండా కారమేమో, ఒక ముసలి కూలీ మోచేత్తో కన్ను తుడుచుకుంటోంది. గట్టయ్య గారి తల్లి ఆ యార్డులోనే మిరప రాశుల్లోంచి పాలిపోయిన తాలుకాయలు ఏరి కొడుక్కి మొదటి కెమెరా కొనిచ్చింది. ఆమె కూడా అచ్చం ఇలాగే తుడుచుకునేది. ఆయన కళ్లు చెమర్చాయి. నచ్చిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఫోటోను ఎడమకు పెట్టి, వెనక "నచ్చినందున తిరస్కరించడమైనది" అని రాసి సంతకం చేశాడు.

మొదటి బహుమతి తలాతోకా తెలియని ఒక నల్లటి మసకకు దక్కింది. సంఘం అధ్యక్షుడు, స్టీలు సామాన్ల ఓంప్రకాశ్ మైకు అందుకున్నాడు.

"ఈ ఫోటోల మన వరంగల్ ఆత్మ కనవడ్తాంది. గింత లోతు నేనెన్నడూ చూడలే."

ఆపైన పంపినవారి పేరు చదివితే, అది తన పేరే. ఓంప్రకాశ్ బిత్తరపోయాడు.

"ఇది నేను తియ్యలే. జేబుల ఫోను అదే నొక్కుకున్నట్టుంది, ఎట్లనో గ్రూపులకు పోయింది."

ఆ వినయానికి సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మెట్ల దగ్గర నెక్కొండ పిల్ల సింధు, సంఘం వాళ్లు తిరిగిచ్చిన తన మిర్చి యార్డు ఫోటో పట్టుకుని గట్టయ్య గారిని ఆపింది.

"సార్, మా మొగిలమ్మ పెద్దమ్మ ఫోటో మంచిగ లేదా?"

"మస్తున్నది బిడ్డా. గందుకే తీసేసిన. అది నాకియ్యి, ఇంట్ల మా అమ్మ ఫోటో పక్కన పెట్టుకుంట."

సింధు ఫోటో వెనక రాసింది మరోసారి చదువుకుంది.

"వద్దు సార్. మీకు మల్ల నచ్చిందని గ్రూపుల తెలిస్తే మంచిగుండదు."

ఫోటోను సంచిలో పెట్టుకుని ఆ పిల్ల నెక్కొండ రైలుకు వెళ్లిపోయింది. గట్టయ్య గారు చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది.

మసక ఫోటో ఇప్పుడు సంఘం హాల్లో గోడకు వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా తల ఊపి పోతున్నారు. మీరూ ఒకసారి చూసి రండి. ఎలా ఉందని ఎవరైనా అడిగితే తొందరపడి నోరు జారకండి, ముందు పక్కవాళ్ల ముఖం చూడండి.