ముప్పై ఇళ్ల సర్వే

శనివారం పొద్దున గ్లెండా వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ వీధిలో ముప్పై ఇళ్లు తిరిగి సర్వే కాగితాలు నింపడం, మధ్యాహ్నం పన్నెండులోగా వాటిని ఆన్‌లైన్‌లో పంపడం, ఆపైన హాయిగా నిద్రపోవడం. డిగ్రీలో మిగిలిపోయిన ఒకే ఒక్క సబ్జెక్టు సోషియాలజీ. ఈ వేసవిలో ఇంట్లో కూర్చుని ఫోనులోనే దాన్ని గట్టెక్కిస్తే జూన్‌లో బడిలో టీచరు ఉద్యోగం ఖాయం. తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ప్రొఫెసర్ ఒకంపో చెప్పినట్టే యూనివర్సిటీ కార్డు మెడలో వేసుకుని, అట్టకు కాగితాలు బిగించుకుని బయల్దేరింది. ఫిలిప్పీన్స్‌లోని ఈ ఇలోయిలో ఊళ్లో ఆ వేషంతో గుమ్మం ముందు నిలబడేది తుపాను సాయం కింద బియ్యానికీ సార్డీన్ చేపల డబ్బాలకూ పేర్లు రాసుకునేవాళ్లే. ఈ సంగతి ప్రొఫెసర్‌కు తెలియదు. ఆయన మనీలాలో ఏసీ గదిలోంచి సమాజాన్ని బోధిస్తాడు.

మొదటి ఇల్లు కొట్టు నడిపే పచింగ్ పిన్నిది. ఆవిడ అట్టను చూసింది, కార్డును చూసింది, లోపలికెళ్లి టీవీ మీద దుప్పటి కప్పి వచ్చింది. ఫ్రిజ్జు మాత్రం గుర్రుమంటూ దొరికిపోయింది.

"అది మాది కాదమ్మాయ్. మా మరదలిది, ఉంచమని ఇచ్చింది."

"పిన్నీ, ఇది నా చదువు కోసం. ఎవరూ ఏమీ ఇవ్వరు."

"అర్థమైందిలే. అలాగే చెప్పమని పైనుంచి చెప్పుంటారు."

రెండో ఇంటికి గ్లెండా కంటే ముందే కబురు వెళ్లింది. అక్కడి ఇల్లాలు తనకు మొగుడు లేడని కళ్లు తుడుచుకుంటూ ఉండగా, ఆ లేని మొగుడు లోపలినుంచి తన బనీను ఎక్కడుందని అడిగాడు. సాయం కుటుంబానికింత అని ఇస్తారు గనక, మూడో ఇంట్లో ఒకే కుండలో తినే తొమ్మిది మంది అప్పటికప్పుడు నాలుగు కుటుంబాలుగా విడిపోయారు. చివరికి ముప్పై ఇళ్లలో డెబ్బై నాలుగు కుటుంబాలు తేలాయి. గ్లెండా కాదని మొత్తుకున్నకొద్దీ, వచ్చే సాయం పెద్దదే అయ్యుంటుందన్న నమ్మకం జనానికి పెరిగింది. పదింటికల్లా పక్క వీధివాళ్లు కూడా సంచులూ కుర్చీలూ తెచ్చుకుని ఆమె గుమ్మం ముందు వరస కట్టారు.

పదకొండింటికి ఆ పేటకు పెద్ద, బరంగాయ్ కెప్టెన్ బల్తజార్ ఊడిపడ్డాడు. తనకు తెలియకుండా తన పేటలో పేర్లు రాస్తున్నారంటే అది ఎదుటి పక్షం పనేనని ఆయన అనుమానం. ఎన్నికలు దగ్గరపడ్డాయి, నిజం వినే తీరిక లేదు. ఆయన వరసను చూశాడు, వరస ఆయన్ని చూసింది. వెంటనే గొంతు సవరించుకుని, ఈ జాబితా తానే రాయించానని, సాయంత్రానికి బియ్యం వస్తాయని ప్రకటించి, అట్టతో సహా కాగితాలన్నీ లాక్కుని వెళ్లిపోయాడు.

గ్లెండాకు ఏడుపొచ్చింది. వేసవి చదువంతా కెప్టెన్ చంకలో పోయింది, గడువు ఇంకా గంట కూడా లేదు. ఆ ఉక్రోషంలోనే ఫోను తీసి, పొద్దుటినుంచీ జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి పంపేసింది.

సాయంత్రం బియ్యం నిజంగానే వచ్చాయి. డెబ్బై నాలుగు కుటుంబాలకూ అందాయి. తన ఇంటి సంగతి తనకు తెలుసుగదా అని గ్లెండా రాసుకోలేదు గనక, ఆమె తల్లి నెనితకు మాత్రం గింజ కూడా దక్కలేదు. పొద్దుటినుంచీ వీధినంతా సిగ్గులేని జనమని తిట్టిన నెనిత, అక్కడినుంచి కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది.

సోమవారం ప్రొఫెసర్ జవాబు వచ్చింది. మిగతా విద్యార్థులు ఇంట్లో కూర్చుని అంకెలు అల్లారట. గడప దాటి వెళ్లినట్టు కనిపించింది గ్లెండా ఒక్కతేనట. ఒకటే లోటు, ఆమె సొంత ఇంటి వివరాలు లేవు. అవి ఈ రోజే పంపితే పాసు.

గ్లెండా కొత్త కాగితం పట్టుకుని తల్లి ఎదుట కూర్చుంది. ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరని అడిగింది. నెనిత కుర్చీలోంచి లేచి నేలమీద చతికిలబడింది.

"ఎవరూ లేరు. ఒక్కతే కూతురు. అదీ పరీక్ష తప్పిందని రాయి."

గ్లెండా అలాగే రాసి పంపింది, పాసయింది.