పదకొండేళ్ల గెస్టుగారి ప్రాక్టికల్ క్లాసు

తరగతి గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పడమంత వెనకబాటుతనం ఇంకోటి లేదు! సూత్రానికీ బజారుకూ లంకె వేయాలి. ఆ లంకెను ఫొటో తీయాలి. ఫొటో మీద తేదీ, టైము, ఏ ఊళ్లో ఏ సందో పడాలి. అప్పుడే కుర్రకారుకు జ్ఞానం అబ్బుతుంది. నమ్మరా? అయితే ఉదయలక్ష్మి సంగతి వినండి.

ఉదయలక్ష్మి పంజాగుట్టలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రో ఎకనామిక్స్ చెబుతుంది. ఆ బిల్డింగులో కింది రెండంతస్తులు చీరల షోరూమ్, పై రెండంతస్తులు విద్య. అక్కడ ఆమె పదకొండేళ్లుగా గెస్ట్ లెక్చరర్. పదకొండేళ్లు కదలని గెస్టును ఏ ఇల్లు భరిస్తుంది? కాలేజీ భరిస్తోంది, ఎంత పెద్ద మనసు! చెప్పిన పీరియడ్‌కు డబ్బులిస్తారు, చెప్పనిదానికి ఇవ్వరు. ఎండాకాలం సెలవుల్లో అసలేమీ ఇవ్వరు కాబట్టి, ఎలా ఖర్చు పెట్టాలన్న బెంగ కూడా ఉండదు.

ఆ జూలైలో ప్రిన్సిపాల్ చలపతిరావు గారు సర్క్యులర్ పంపారు. ఇకపై ప్రతి సిద్ధాంతాన్నీ వాస్తవ ప్రపంచంతో అనుసంధానించాలి. ప్రతి అనుసంధానానికీ ఆరు ఫొటోలు అప్‌లోడ్ చేయాలి.

మిగతా లెక్చరర్లు నెత్తి పట్టుకున్నారు. ఉదయలక్ష్మికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. బోర్డు మీద ఆపిల్ పళ్లూ నారింజ పళ్లూ అమ్మి అమ్మి ఆమెకు విసుగెత్తిపోయింది మరి. మర్నాడు పొద్దున్నే ముప్ఫై మందిని వెంటేసుకుని మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ అవతల అమీర్‌పేటలో దిగింది.

కోచింగ్ సెంటర్ల సందులో రుద్రమ్మ టిఫిన్ బండి ఉంది. రిషి అనే కుర్రాడు శాస్త్రం కోసం త్యాగానికి సిద్ధపడ్డాడు. మొదటి ప్లేటు ఇడ్లీకి పదికి పది మార్కులు వేశాడు. రెండోదానికి ఏడు, మూడోదానికి మూడు. నాలుగో ప్లేటు చూడగానే "మేడం, జర ఆగుండ్రి" అంటూ పక్కనున్న బైకు మీద కూలబడ్డాడు. క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని ఇంత స్పష్టంగా ఏ పుస్తకం చెబుతుంది?

క్లాసులో ప్రతిదానికీ చెయ్యెత్తే దివ్యశ్రీ ముందుకొచ్చింది. "పెద్దమ్మా, దోసెకు ఐదు రూపాయలు పెంచితే ఏమైతది?"

"ఏమైతది బిడ్డా, గీ పోరగాండ్లంత గా ఎదురు బండికి పోతరు. చట్నీ జర తక్కువేస్తే మాత్రం ఒక్కడు సుత పోడు."

డిమాండ్ వ్యాకోచత్వం, దాన్ని తప్పించుకునే మార్గం, రెండూ ఒక్క ముక్కలో! పిల్లలు గబగబా రాసుకున్నారు. ఉదయలక్ష్మి ఉత్సాహం పట్టలేక, "ఒకరోజు తొమ్మిదింటికి మా కాలేజీకొచ్చి గంటసేపు మాట్లాడతారా? శాలువా కప్పుతాం" అంది.

రుద్రమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "తొమ్మిదింటికా? గప్పుడే నాకు మస్తు గిరాకి. గా గంట బండి బంద్ పెడితే, పోయిన గిరాకి మీ శాలువ తెచ్చిస్తదా?"

"అవకాశ వ్యయం! రాసుకోండి, రాసుకోండి!" అంది ఉదయలక్ష్మి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మరి మీరు గీడికొచ్చిన గంటకు మీకేమిస్తున్నరు మేడం?" అంది రుద్రమ్మ మామూలుగా.

పెన్నులన్నీ ఆగిపోయాయి. ఉదయలక్ష్మి నవ్వేసి, అందరికీ టీ చెప్పింది. ఆ ప్రశ్న మాత్రం ఆమెతోపాటు మెట్రో ఎక్కి, మధురానగర్‌లో ఇంటిదాకా వచ్చి కూర్చుంది.

ఆ నెల ఇంకో ఐదుసార్లు అలాగే వెళ్లి, ప్రతిసారీ ఆరు ఫొటోలు అప్‌లోడ్ చేసింది. నెలాఖరున ఆమె బిల్లులో ఆరు పీరియడ్లు ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉన్నాయి. ఎదురుగా 'తరగతి గదిలో లేరు' అని రాశారు. ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"సార్, ఆ ఆరు పీరియడ్లూ పిల్లల్ని బయటికి తీసుకెళ్లానండీ. మీ సర్క్యులరే కదా!"

"అక్కడే కదమ్మా చిక్కు! ఫొటోలు చూశాను, బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ టైముకి మీరు అమీర్‌పేటలో ఉన్నట్టు స్పష్టంగా పడింది. అంటే క్లాసులో లేనట్టేగా?"

చూశారా ఫొటో మహిమ!

"మరి నేను చేసింది పని కాదాండీ?"

"సేవ అనుకోండమ్మా. అయినా ఎకనామిక్స్ మీకు నేను చెప్పాలా ఏంటి? సప్లై ఎక్కువగా ఉంది. మీరు కాదంటే బయట పదిమంది."

ఉదయలక్ష్మి షోరూమ్ దాకా మెట్లు దిగింది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు గ్రూప్స్ పరీక్షలకు ఎకనామిక్స్ చెప్పమని రెండేళ్లుగా ఫోన్ చేస్తున్నారు. డిగ్రీ పిల్లల్ని వదల్లేక ఆమే వాయిదా వేస్తూ వచ్చింది. ఆ రోజు షోరూమ్ మెట్ల మీదే నిలబడి, ఆమే వాళ్లకు ఫోన్ చేసి సరేనంది. మర్నాటి నుంచి కాలేజీ మానేసింది.

చలపతిరావు గారు ఆ పదిమంది కోసం ఎదురుచూశారు. ఒకాయన వచ్చి, రేటు విని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఒకావిడ మెట్రో చార్జీలైనా ఇస్తారా అని అడిగి, సమాధానం కోసం ఆగలేదు. మూడు వారాలు గడిచాయి. పరీక్షలు ముంచుకొచ్చాయి. ఒకప్పుడు కామర్స్ చెప్పిన మనిషే కదా, ఆయనే చాక్‌పీస్ పట్టుకుని క్లాసుకు వెళ్లారు. బోర్డు మీద డిమాండ్ గీత గీశారు, సప్లై గీత గీశారు, అడుగున ఒక ధర గుర్తు పెట్టారు.

"ఏదీ, నిజ జీవితంలోంచి ఒక ఉదాహరణ చెప్పండి!"

దివ్యశ్రీ చెయ్యెత్తింది. "మన కాలేజీల ఎకనామిక్స్ లెక్చరర్ పోస్టు, సార్."

ఆ పిల్ల లేచి బోర్డు దాకా వచ్చింది. "మీరు పెట్టిన ధర కాడ సప్లై అస్సలు లేదు సార్. జర పైకి జరపాలె."

చలపతిరావు గారు చాక్‌పీస్ వంక చూసుకున్నారు. మధ్యాహ్నం ఉదయలక్ష్మికి ఫోన్ చేశారు. నెల జీతం, సెలవుల్లో కూడా జీతం, బయట చెప్పిన గంటలకూ లెక్క, అన్నీ కాగితం మీద ఉండాలి అందామె.

"అంతంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదమ్మా!"

"అలాగే సార్. నాకు క్లాసు టైమైంది."

నాలుగో రోజున కాగితం వచ్చింది. ఆమె మళ్లీ కాలేజీకి వచ్చింది. పిల్లలు ఈలలు వేశారు. రిషికి ఈసారి పూరీ మీద ప్రయోగం చేయాలని ఉందట.

ఇప్పుడు చెప్పండి, ప్రాక్టికల్ చదువు గొప్పది కాదా? అదే కాలేజీలో ఇంకా పద్నాలుగు మంది గెస్ట్ లెక్చరర్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది తెలుగు, చరిత్ర, ఇంగ్లిషు. ఆ సబ్జెక్టుల్లో గీతలు గీయాల్సిన పని ఉండదు. అందుకని వాళ్లింకా పీరియడ్ లెక్కనే వస్తున్నారు.