కప్పు మీద మూటలు

ఆ వేళ ఇంట్లో ఉన్నవాళ్ళు: నేత పని చేసే వీరభద్రయ్య, ఆయన అన్న ఆదిశేషయ్య, తల్లి భద్రమ్మ, భార్య అమలమ్మ, గోడకు అంటుకుపోయినట్టు నిలబడ్డ కూతురు త్రిపుర. ఆ పిల్లను చివర చెప్పడం అందరికీ అలవాటు. ఆమె గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

యుద్ధం వచ్చి ఓడల మీద రావలసిన సీమరంగులు దొరకడం లేదు. చిక్కిన రంగేదో అద్ది నేసిన ఎర్రచీరలను బెజవాడ షావుకారు సంజీవరావు ఒప్పుకుంటే మగ్గం ఆడుతుంది, లేకపోతే మూలపడుతుంది. దారిలో తడిశాయా, ఇక అంతే. గంజి పెట్టిన కొత్తచీర తడిస్తే కట్టి విడిచినదానితో సమానం. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు ఎక్కడ ఆగిపోతుందో దానికే తెలియదు గనుక, అన్నదమ్ములు కాలువలో జక్కయ్య పడవ మాట్లాడుకున్నారు. కృష్ణలో మునుగుతానని భద్రమ్మ, ఆమె చెయ్యి పట్టుకోవడానికి త్రిపుర కూడా బయలుదేరారు.

రేవులో త్రిపుర తలెత్తి చూసింది. మూటలన్నీ పడవ కప్పు మీదికి ఎక్కుతున్నాయి. నేసిన బట్టను మనుషుల కాళ్ళ దగ్గర పెట్టడం ఆ ఇంట్లో అపచారం. బడిలో మాస్టారు గంగాళంలో కొయ్యపడవ వేసి చూపించిన సంగతి ఆమె కళ్ళముందు మెదిలింది. రాయి అడుగున పెడితే పడవ కుదురుగా నిలిచింది. అదే రాయి పైన పెడితే వేలు తగలగానే బోర్లాపడింది.

"నాయనమ్మా, బరువు పైనుంటే పడవ ఒరిగిపోతుందే. మూటలు కిందికి దింపమని చెప్పవే."

"చీరల్ని తొక్కుతూ కూర్చుందామంటావా? లెంపలేసుకో! బయల్దేరేటప్పుడు ఏం మాటలే అవి?"

"మా మాస్టారు..."

"మీ మాస్టారు ఏనాడన్నా మగ్గం మీద కూర్చున్నాడటే?"

పడవ కదిలింది. కదిలినప్పటినుంచీ అటూ ఇటూ ఊగుతూనే ఉంది. "మూటలు జారతన్నట్టున్నాయన్నయ్యా" అన్నాడు వీరభద్రయ్య. ఆదిశేషయ్య భారీ మనిషి. పంచె ఎగగట్టి కప్పెక్కి మూటల మీద చతికిలబడ్డాడు. ఊపు రెట్టింపయింది.

"దిగు పెదనాన్నా" అంది త్రిపుర, తనకు మాత్రమే వినపడేంత గట్టిగా.

"ఏంటమ్మాయ్, గాలాడటంలేదా? నువ్వూ పైకొచ్చెయ్!"

పిల్ల అన్న మాటే తగిలిందని భద్రమ్మకు రూఢి అయింది. వెంటనే భావనారాయణ స్వామికి మొక్కి కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప కాలువలో వేసింది. అది వెల్లకిలా పడితే శుభం. ఎలా పడిందో చూడడానికి వీరభద్రయ్య ఎడమపక్కకు వంగాడు. గడకర్ర చేత్తో పట్టుకునే జక్కయ్యా వచ్చాడు. పైనుంచి ఆదిశేషయ్య కూడా తొంగిచూశాడు. ఎడమ అంచు నీళ్ళకు ఆనింది.

"కూర్చోండీ!"

ఆ కేక త్రిపురదే. ఆమె అరవగా అంతవరకూ ఎవరూ వినలేదు. అందుకని అరిచిందెవరో చూడాలని అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

పడవ ఒరిగి, కప్పు మీది మూటలూ, మూటలతోపాటు ఆదిశేషయ్యా కాలువలో పడ్డారు. బరువు దిగిన పడవ నీళ్ళలోంచి కాస్త పైకి లేచి, ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడింది.

"నా మగ్గం మునిగిపోయింది!" అన్నాడు వీరభద్రయ్య.

"మునిగిపోతన్నా!" అని అరిచాడు ఆదిశేషయ్య.

"లేచి నిలబడండి, అక్కడ నడుంలోతే" అన్నాడు జక్కయ్య.

బిగించి కట్టిన మూటల్లో గాలి ఉంది. అవి గేదెల్లా తాపీగా తేలుతున్నాయి. ఒడ్డుకు లాగి విప్పేసరికి నీళ్ళు ఎలా వెళ్ళాయో అలాగే తెల్లగా కారాయి. ఎరుపు చెక్కుచెదరలేదు. వీరభద్రయ్య అది చూసే స్థితిలో లేడు. చీరలు గట్టు మీద ఆరేసి, మడతలుపెట్టి, ఏడుపుముఖంతో బెజవాడ చేరాడు.

సంజీవరావు నలిగిన చీరను వెలుతురుకెత్తి చూశాడు.

"తడిపారేంటండీ?"

వీరభద్రయ్య చీర మడత సర్దబోయాడు.

"రంగు పోదని చూపించడానికి ముందే తడిపి తెచ్చారన్నమాట! ఈ రోజుల్లో ఇంత ధైర్యం ఎవరికుందండీ? వచ్చే నెలా ఇవే తీసుకురండి."

ఇంటికొచ్చాక పెద్దలు గదిలో చేరారు. త్రిపుర గుమ్మం దాకా వెళ్ళి, రెండుసార్లు వెనక్కి తిరిగి, చివరికి గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఈసారి మూటలు అడుగున పెడితే..."

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటన్నారమ్మా" అని ఆదిశేషయ్య ఆమె ముఖం మీదే తలుపు వేశాడు.

వచ్చే నెల కప్పు మీద మూటలు ఇంకో వరస ఎక్కువ కట్టాలని లోపల తీర్మానమయింది.