తలుపుకు అడ్డం పెట్టిన కందిమొక్క

ఆ రోజు శాస్త్రవేత్త పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. రైతులు వస్తారు, అద్దాల షెడ్డులో ఉన్న కందిమొక్కలు చూస్తారు, టీ తాగి విత్తనాల సంచులు పట్టుకుని వెళ్తారు. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎంత ఆలోచించినా ఆయనకు తట్టలేదు. పాపం, ఆయన మొక్కల గురించే ఆలోచించాడు గానీ మనుషుల గురించి ఆలోచించలేదు.

వాన మొహం చాటేసే మెట్ట పొలాల కోసం ఎనిమిదేళ్లు చెమటోడ్చి ఆయన ఆ కంది వంగడాన్ని తయారుచేశాడు. ఈసారి కూడా రైతులు పెదవి విరిస్తే ఆ పని కట్టిపెట్టి గోదాము చూసుకోమని డైరెక్టరు ముఖం మీదే చెప్పేశాడు. అందుకే ఒకే విత్తనాన్ని పన్నెండు కుండీల్లో నాటి, మొలకలు నిలదొక్కుకున్నాక నీళ్లు ఆపేసి, మట్టి మీద గులకరాళ్లు పరిచి, "నీళ్లు పోయరాదు" అని బోర్డు పెట్టాడు.

ఆ బోర్డు చూసి కాపలాదారుకు కడుపు తరుక్కుపోయింది. గుమ్మంలోకి వచ్చిన శత్రువుకైనా మంచినీళ్లిచ్చే మనిషి, నోరులేని మొక్కలకు లేదంటాడా? శాస్త్రవేత్త భోజనానికి గదిలోకి వెళ్లగానే ముందు వరుసకు తలో చెంబు పోసేవాడు. వెనక వరుస దాకా వంగి వెళ్లడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు.

దాంతో ముందు వరుస కళకళలాడింది, వెనక వరుస వెలవెలబోయింది. ఒకే విత్తనం రెండు రకాలుగా ఎందుకు పెరుగుతోందో అంతుబట్టక శాస్త్రవేత్తకు తిండి సయించలేదు. అన్నిటికన్నా గిడసబారిన మూల కుండీని చూడలేక, ఒకనాడు విసుగొచ్చి, గాలికి కొట్టుకునే షెడ్డు తలుపుకు అడ్డంగా పెట్టేశాడు.

రోజూ కారియరు తెచ్చే అత్తగారు, అన్నం పెట్టింది పెట్టినట్టే వెనక్కి రావడం చూసి కారణం కనుక్కుంది. అల్లుడి ముఖం వాడితే కూతురి ముఖం వాడుతుంది, కూతురి ముఖం వాడితే ఆవిడకు నిద్ర పట్టదు. మర్నాటి నుంచి కారియరు అడుగు గిన్నెలో నీళ్లు తెచ్చి, కాపలాదారు అటు తిరగ్గానే వెనక వరుసకు పోయడం మొదలుపెట్టింది.

నెల తిరిగేసరికి పదకొండు కుండీలూ ఏపుగా లేచాయి. శాస్త్రవేత్తకు కాళ్లు నేలమీద ఆనలేదు. ఆయన డైరెక్టరుకు చెప్పాడు, డైరెక్టరు పైవాళ్లకు చెప్పాడు, పైవాళ్లు పేపర్లకు చెప్పారు. ఇంత చెప్పాక ఒక్క ఆకు వాలినా పరువేం కావాలని డైరెక్టరుకు బెంగ పట్టుకుంది. సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లాక, అటూ ఇటూ చూసి, ఆయన కూడా పదకొండింటికీ పోయసాగాడు. బోర్డు మీద సంతకం ఆయనదే.

కాయల కాలం వచ్చింది, రైతులూ వచ్చారు. శాస్త్రవేత్త గొంతు సవరించుకుని, ఇవి చుక్క నీరు లేకుండా బతికిన మొక్కలన్నాడు. వరసగా పంటలు ఎండి విసిగిపోయిన ఒక పెద్దావిడ ఒక కుండీని రెండు చేతులా పైకెత్తింది. అడుగు చిల్లులోంచి నీళ్లు జలజలా ఆవిడ పాదాల మీద పడ్డాయి.

"చుక్క నీరు లేదన్నావు. మరి నా కాళ్లు కడిగిందెవరు నాయనా?"

కాపలాదారు తల వంచుకుని ముందు వరుస తన పనే అన్నాడు. అప్పుడే కారియరుతో వచ్చిన అత్తగారు వెనక వరుస తనదని ఒప్పుకుని, అల్లుడు పస్తులుంటే చూస్తూ కూర్చోవాలా అని ఎదురు దబాయించింది. అయినా ఇన్ని నీళ్లేమిటని అందరూ చూస్తుంటే డైరెక్టరు పైకప్పు వంక చూస్తూ, సాయంత్రాలు కొద్దిగా తానూ, అని గొణిగాడు. శాస్త్రవేత్తకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పగవాళ్లు చేసిందైతే తిట్టుకోవచ్చు, అయినవాళ్లు జాలిపడి చేసినదానికి ఏమనగలడు?

రైతులు మర్యాదకు టీ తాగి, సంచుల వైపు చూడకుండానే లేచారు. పెద్దావిడ గుమ్మం దాటబోతూ కాలికేదో తగిలితే వంగి చూసింది. మూరెడు మొక్క. ఆకులు దుమ్ము కొట్టుకుపోయాయి గానీ కొమ్మకొమ్మకూ కాయలున్నాయి.

"అది పనికిరాదమ్మా. గిడసబారిందని పక్కన పెట్టేశాను," అన్నాడు శాస్త్రవేత్త.

"దీనికి నీళ్లెవరు పోశారు?"

ఆయన వెనక్కి తిరిగి ముగ్గురినీ చూశాడు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"తలుపుకెవరైనా నీళ్లు పోస్తారా అయ్యగారూ?" అన్నాడు కాపలాదారు నొచ్చుకుంటూ.

పెద్దావిడ కుండీని ఎత్తి వంచింది. చుక్క రాలలేదు. గులకరాళ్ల కింద వేలు గుచ్చితే పొడిమట్టి తగిలింది. ఒక కాయ ఒలిచింది. లోపల గింజలు నిండుగా ఉన్నాయి.

"మా చేలో పైరూ ఇలాగే ఉంటుంది, కాయలు తప్ప. దీని విత్తనం ఉందా?"

సంచుల్లో ఉన్నదంతా అదేనని చెబుతూ శాస్త్రవేత్త ఒక సంచి మూతి విప్పాడు. ముందు చేను మూల వేసి చూస్తామని రైతులు తలా కాస్త పట్టుకెళ్లారు. డైరెక్టరు మళ్లీ గోదాము మాట ఎత్తలేదు.

పచ్చటి కుండీలు కూడా వృథా పోలేదు. ఇప్పుడా ఆఫీసులో ఏ తలుపూ గాలికి కొట్టుకోదు.