ఎవరి ఎడమ

తెల్లకోటు వేసుకున్న వాళ్లారా, చేతిలో ముద్ర పట్టుకుని కూర్చున్న వాళ్లారా, ఇదంతా మీ నిర్వాకం. మనిషి పనేమిటో అడగకుండా జబ్బేమిటో రాసేది మీరు. వచ్చినవాడు వణుకుతుంటే కూర్చోమనరు, గుక్కెడు నీళ్లివ్వరు, ఆ వణుకుని కూడా రోగాల్లో కలిపేస్తారు. లారీ నడపడం నేర్చుకుంటానని వచ్చిన ఒక క్లీనరుని మీరేం చేశారో చెబుతాను. కోపమొస్తే రానీయండి. నాకు ఎప్పుడో వచ్చింది.

ఆ క్లీనరు పనిచేసే లారీకి డ్రైవరు అతని మామే, అంటే పిల్లనిచ్చిన మామ. పెళ్లికి ముందు నుంచే ఇద్దరిదీ ఒకే బండి. సందు ఇరుకైనప్పుడు క్లీనరు కిందికి దిగి, లారీ ముక్కుకి ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చెబుతాడు. "ఎడమకి కొట్టు మామా" అంటే అది మామ ఎడమ, తనది కాదు. డ్రైవరుకి ఎదురుగా నిలబడ్డవాడు తన చేతులు తాను మరిచిపోవాలి. ఇది ఏ బళ్లోనూ నేర్పరు. కొత్తలో మామ చేత నాలుగు తిట్లు తింటే దానంతట అదే ఒంటికి పడుతుంది, పట్టాక వదలదు. అందుకే ఇన్నేళ్లలో ఆ లారీ ఒంటి మీద ఒక్క గీత లేదు.

మామ మోకాళ్లు క్లచ్ తొక్కలేమని మొరాయిస్తున్నాయి. ఓనరు ఒకటే మాట చెప్పాడు. "లారీ డ్రైవింగు శిక్షణకి నీ అల్లుడు చేరితే, నేర్చుకుని వచ్చేదాకా ఆగుతాను. బండి మీ ఇంట్లోనే ఉంటుంది. చేరకపోతే వేరే డ్రైవర్ని చూసుకుంటా. వాడి క్లీనర్ని వాడే తెచ్చుకుంటాడు." అంటే ఇద్దరూ దిగిపోవాలన్నమాట. శిక్షణకి సీటు దొరికింది. ఇక కావలసినవి రెండే: ఒంట్లో బాగుందని డాక్టరు సంతకం, నేర్చుకోవడానికి పర్మిట్టు. రెండూ రేపు సాయంత్రం లోపు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

కాబట్టి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా మామూలుది. పొద్దున్నే ఆస్పత్రి, అటునుంచి పర్మిట్టు ఆఫీసు, మధ్యాహ్నానికల్లా లోడు. భార్య చొక్కా ఇస్త్రీ చేసింది. అత్త ఎదురొచ్చింది. మామ మాత్రం, "పోలీసులతో మాట్లాడినట్టు మాట్లాడకు. అడిగినదానికి సమాధానం చెప్పి వచ్చెయ్" అన్నాడు. లారీకి ఎదురుగా జంకు లేకుండా నిలబడే మనిషికి ఆస్పత్రి గుమ్మంలోనే నోట్లో తడారిపోయింది. ఆ మందుల వాసన ముక్కుకి తగలగానే, తనకి తెలియని జబ్బులన్నీ ఒక్కొక్కటిగా లేచి కూర్చున్నట్టనిపించింది.

నర్సు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడకి ఉన్న అట్ట పక్కన అతనికేసి తిరిగి నిలబడింది. అట్ట నిండా దువ్వెన ముక్కల్లాంటి బొమ్మలు. వాటి పళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పాలి.

"ఇది?"

"పైకండీ."

"ఇది?"

"కిందికండీ."

"ఇది?"

పళ్లు అతని ఎడమకి ఉన్నాయి. ఎదురుగా మనిషి నిలబడి ఉంది. ఒళ్లు తన పని తాను చేసుకుపోయింది. "కుడికండీ" అన్నాడు. తరువాతది కుడికి ఉంటే ఎడమ అన్నాడు. అట్ట చివర చీమంత బొమ్మదాకా అన్నీ చూశాడు, పక్కలన్నీ తిరగేసి చెప్పాడు. నర్సు అతన్ని ఒకసారి చూసి, చప్పుడు కాకుండా లోపలికి వెళ్లింది. చప్పుడు చేసి వెళ్లినా అంత భయపడేవాడు కాదు.

డాక్టరు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఎడమ చెయ్యి ఎత్తు."

క్లీనరు డాక్టరు ఎడమ వైపున్న చెయ్యి ఎత్తాడు. అంటే తన కుడిది.

"కుడి చెవి పట్టుకో."

ఎడమ చెవి పట్టుకున్నాడు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

ఉద్యోగం సంగతి అడుగుతున్నాడనుకున్నాడు క్లీనరు. "పెళ్లికి ముందు నుంచండీ."

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా మామ ఉన్నాడండీ. నాకంటే ముందు నుంచి. అసలు ఆయన దగ్గర్నుంచే నాకు వచ్చింది."

"రక్తసంబంధమా?"

"కాదండీ. పిల్లనిచ్చాడు."

"అంటుకునే జబ్బు కాదే ఇది" అని డాక్టరు తనలో తాను అనుకున్నాడు, క్లీనరుకి వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "చూడు, కుడి ఎడమలు తెలుసుకునేది మెదడు. అక్కడేదో తేడాగా ఉంది. గడ్డ అనను. గడ్డ కాదనీ అనను. రేపు పొద్దున నరాల డాక్టరుకి చూపించు. ఆయన సరేనంటేనే సంతకం."

ఏమయ్యా డాక్టరూ, ఒక్కసారి అతని పక్కన కూర్చుని అడిగితే నీ కోటు నలిగిపోయేదా? నువ్వు అడగలేదు. గడ్డ అనే మాట మాత్రం మూటకట్టి చేతికిచ్చి పంపించావు.

ఆ మూట అతనికంటే ముందు ఇల్లు చేరింది. దారిలో భార్యకి ఫోను చేశాడు, ఆమె తండ్రికి చేసింది, తండ్రి పక్కనే ఓనరు ఉన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఓనరు అక్కడికక్కడే తేల్చేశాడు. "మెదడులో గడ్డ పెట్టుకుని నా బండి ముందు నిలబడతాడా? రేపట్నుంచి రావద్దను." పొద్దున డ్రైవరు కాబోయినవాడు మధ్యాహ్నానికి క్లీనరు కూడా కాకుండా పోయాడు.

ఇంట్లో అందరూ అతని జబ్బుని వెనక్కి తవ్వడం మొదలుపెట్టారు.

"మొన్న ఉప్పు డబ్బా అందుకోమంటే కారం డబ్బా ఇచ్చాడు. అప్పుడే నాకు మనసులో ఏదోలా అయింది" అంది అత్త.

"నాలుగు రోజుల కింద నా చెప్పులేసుకుని వెళ్లాడు" అన్నాడు మామ.

"నాన్నా, అది నువ్వు ఆయన చెప్పులేసుకుని పోబట్టి" అంది భార్య.

క్లీనరు మంచం అంచున కూర్చుని రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. అవి తనవేనా అన్న అనుమానం వచ్చింది. తల లోపల ఏదో టిక్కుటిక్కుమన్నట్టుంది. గోడగడియారం ఆపించాడు. ఆపాక టిక్కుటిక్కు పోయింది, భయం పోలేదు. తను పోతే బండి పోతుంది, మామ మోకాళ్లకి మందు పోతుంది, ఈ గది అద్దె పోతుంది. అతని ఆలోచన అంతా ఇలా ఒకదాని వెనక ఒకటి పోవడమే.

భార్య మాత్రం ఏడవలేదు. అతనికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఎడమ చెయ్యి ఎత్తు."

కుడి చెయ్యి లేచింది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భార్య పీట తీసి అతని పక్కకి జరిగి కూర్చుంది. "ఇప్పుడెత్తు."

ఎడమ చెయ్యే లేచింది. మళ్లీ ఎదురుగా వెళ్లింది. కుడిది. మళ్లీ పక్కకి. ఎడమది. ఆమె లేచి నడుముకి చేతులు పెట్టుకుంది.

"నీకు జబ్బు లేదయ్యా. నీకు పట్టింది మా నాన్న."

మామకి ముందు కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది, తర్వాత ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. "ఇదే సంగతి పోయి డాక్టరుకి చెప్పి వస్తాను."

"చెబితే ఇంకో జబ్బు రాస్తారు" అంది కూతురు. "ఈయన నోరు తెరిచి చెప్పినందుకేగా నీక్కూడా అంటించారు. చెప్పడాలొద్దు. నేర్పుదాం."

ఇక నేర్పుడు మొదలైంది. ముగ్గురూ వంతులేసుకుని ఎదురుగా నిలబడి అడగడం, తప్పు చెయ్యి లేస్తే దాని మీద గరిటెతో ఒకటివ్వడం. ఇన్నేళ్లు మనిషి ప్రాణాలు కాపాడిన అలవాటుని గరిటెతో వదలగొడుతున్నారు. క్లీనరు బితుకు బితుకుమంటూ ముందు చెయ్యి కదిపి, గరిటె వైపు చూసి, అప్పుడు ఎత్తుతున్నాడు. ఇలాగైతే డాక్టరు ముందు కూడా గరిటె కోసం చూస్తాడని అత్తకి భయం పట్టుకుంది. ఆవిడే ఉపాయం చెప్పింది. ఒక గులకరాయి తెచ్చి అతని ఎడమ బూటులో వేసింది. "ఏ కాలు నొప్పెడితే అది నీ ఎడమ. ఎదురుగా ఎవడు నిలబడితే నీకేంటి, నాయనా."

మరునాడు నరాల డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగినవన్నీ క్లీనరు సరిగ్గా చెప్పాడు. ఎడమ చెయ్యి, కుడి చెవి, ఎడమ మోకాలు. రాయి పొడుస్తూనే ఉంది, నోరు సరిగ్గా పలుకుతూనే ఉంది. డాక్టరు మొహం విప్పారింది. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య ఊపిరి వదిలింది.

"బాగుంది. ఇక ఆ గోడదాకా నడిచి రా."

క్లీనరు నడిచాడు. ఎడమ కాలు వేసినప్పుడల్లా కుంటాడు.

"ఆగు. ఈ కుంటు ఎప్పట్నుంచి?"

"నిన్న... నిన్నట్నుంచండీ."

"అంతకుముందు లేదా?"

"లేదండీ."

డాక్టరు మొహం మళ్లీ ముడుచుకుంది. "నిన్న కుడి ఎడమలు పోయాయి. ఇవాళ అవి వచ్చి కాలు పోయింది. లోపల ఉన్నది చోటు మారుతోంది."

చోటు మారుతోందన్న మాట వినగానే క్లీనరుకి రాయి సంగతి నిజంగానే మరుపుకొచ్చింది. తల లోపలి గడ్డ మెడ దిగి, నడుం దాటి, ఎడమ కాల్లోకి జారుతున్నట్టు స్పష్టంగా తెలిసింది. డాక్టరు ఒక మాత్ర మింగించి, బూట్లు విప్పి బల్ల మీద పడుకోమన్నాడు. చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టాడు, అరికాళ్లు గీకాడు, కళ్లలోకి దీపం వేశాడు. క్లీనరు పైకప్పు చూస్తూ, భార్యకి తన తర్వాత ఎవరు దిక్కని లెక్కేసుకుంటూ పడుకున్నాడు. ఆ లెక్కలో ఎవరూ తేలలేదు.

"లేచి మళ్లీ నడువు."

బూట్లు బల్ల కిందే ఉన్నాయి. ఒట్టి కాళ్లతో నడిచాడు. తిన్నగా, తాడు పట్టినట్టు నడిచాడు. గోడదాకా వెళ్లి, నమ్మలేక ఇంకోసారి వెళ్లొచ్చాడు.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా, మాత్ర."

క్లీనరు నోరు తెరిచాడు. గుమ్మంలోంచి భార్య చూసిన చూపుకి మూశాడు. మాత్ర వల్ల పూర్తిగా నయమైందని రాసి డాక్టరు సంతకం పెట్టాడు. రాయికి ఎవరూ సంతకం పెట్టలేదు.

పర్మిట్టు ఆఫీసు ముందు మామ లారీతో సహా కాచుకుని ఉన్నాడు. లోడు ఆగకూడదని ఓనరు తరుముతుంటే, "అల్లుడు ముందు నడవందే నేను లోడెత్తను" అని మొండికేసి ఇక్కడికి తెచ్చాడు. అధికారి డాక్టరు సంతకం చూశాడు, మనిషిని చూశాడు, పర్మిట్టు మీద ముద్ర కొట్టి చేతిలో పెట్టాడు. క్లీనరుకి కాళ్లు నేల మీద లేవు. ఇంట్లో కొట్టిన గరిటె దెబ్బలన్నీ ఒక్కసారిగా తియ్యగా అనిపించాయి.

లారీ బయటికి పోవాలంటే ఒక పక్క ఆఫీసు ప్రహరీ, ఇంకో పక్క మురుగుకాలవ. క్లీనరు ఎప్పటిలా ముక్కుకి ఎదురుగా నిలబడి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ముందు చక్రం కాలవ అంచుకి వచ్చింది. తీయడం మరిచిన రాయి బూటులో పొడిచింది.

"ఎడమకి కొట్టు మామా, ఎడమకి. ఇంకా కొట్టు."

అది క్లీనరు ఎడమ. కొత్తగా, గరిటెతో, సంతకంతో సంపాదించుకున్న ఎడమ. మామ ఇన్నేళ్లలో అల్లుడి మాటని ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. ఇప్పుడూ చూసుకోలేదు. కాలవకి దూరంగా పోవలసిన బండిని తన ఎడమకి, కాలవ వైపుకి కొట్టాడు. ముందు చక్రం కాలవలో దిగబడింది, బండి వెనకభాగం రెండో పక్కకి ఊగి ప్రహరీకి తగిలింది. గోడ కాసేపు ఆలోచించి, కూలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

దుమ్ములోంచి అధికారి బయటికొచ్చాడు. క్లీనరు పర్మిట్టుని చొక్కా లోపలికి తోసేశాడు. ఎప్పుడు లాక్కుంటాడా అని చూస్తున్నాడు.

"ఎడమ అన్నది ఎవరు?"

"నేనేనండీ."

"నీ ఎడమ చెయ్యి ఎత్తు."

ఎత్తాడు. ఎడమదే. అధికారి తలాడించి లారీ కిటికీ వైపు తిరిగాడు. "ఏం పెద్దాయనా, నీ ఎడమ చెయ్యెత్తు."

మామ స్టీరింగు వదల్లేదు. అల్లుడి కేసి చూశాడు, తన రెండు చేతుల కేసి చూశాడు. "ఇప్పుడైతే నాకు తెలియట్లేదయ్యా. ఇందాకటిదాకా తెలుసు."

అధికారి ఏ చెయ్యీ లేవలేదని రాసుకున్నాడు. కుర్రాడికి డాక్టరు సంతకం ఉంది కాబట్టి లోపం పెద్దాయనదేనట. పరీక్షలయ్యేదాకా మామ బండి ఎక్కకూడదు. మామ ఫోనులో ఆ మాట చెప్పగానే ఓనరు గొంతు మెత్తబడింది. "అయితే అల్లుణ్ణి రేపే శిక్షణలో చేరమను. బండికి వేరే దిక్కెవరున్నారు."

ఈ పూట మామ ఆ దువ్వెన బొమ్మల ముందు కూర్చున్నాడు. వణుకుతున్నాడు. నర్సు ఎదురుగానే నిలబడింది.

కాబట్టి వెంటనే చేయవలసింది చెబుతున్నాను, రాసుకోండి. ఆ పెద్దాయన్ని అడగబోయే ముందు లేచి, ఆయన పక్కకి వెళ్లి, ఆయన చూస్తున్న వైపే చూస్తూ అడగండి. రేపు కాదు, ఇప్పుడే. ఆ ప్రహరీ మాత్రం అప్పుడే కట్టకండి. అల్లుడి డ్రైవింగు పరీక్ష పెట్టేది ఆ ఆవరణలోనే.