స్వీటీ డైటు చెడగొట్టిందెవరు?

ఆకలేస్తే తినడమనేది అనాగరికుల అలవాటు. ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను. అరవై ఎనిమిదేళ్లు ఆకలేసినప్పుడల్లా తిని బతికినవాణ్ని, అనే హక్కు నాకుంది!

పురానాపూల్‌లోని మా ఇంటికి జ్ఞానోదయమై మూడు నెలలైంది. మా అబ్బాయి కేశవ్ ఫోన్లో ఒక యాప్ వేశాడు. కోడలు నళిని వంటింట్లోకి చిన్న కాటా తెచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో అన్నం వండటం మానేసి క్యాలరీలు వండుతున్నారు. నాకు రోజుకు పద్నాలుగు వందలు. మా లాబ్రడార్ స్వీటీకి తూచిన పెరుగన్నం, ఎనిమిది వందలు. బహదూర్‌పురా జూలో పులికి తిండి తూచి వేస్తారట. ఆ హోదా మాకూ దక్కింది.

లాభాలు చెప్పమంటారా? ఇదివరకు ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచితే విరిగి అడుక్కి పోయేది. ఇప్పుడు నా వాటా పావు బిస్కెట్టు. ముంచడానికి ఏముంది, మునగడానికి ఏముంది!

పైగా ఇది కఠినమైన పద్ధతేమీ కాదు, రోజూ సర్దుబాటు ఉంటుంది. నేను మూసీ వంతెన దాకా నడిచొస్తే సగం చపాతీ కలుపుతారు. వానపడి నడవకపోతే కోత పెడతారు. స్వీటీకీ ఇదే చట్టం. అందుకే పొద్దున్నే మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడి మబ్బులు చూస్తుంటాం.

ఒకరోజు మనవరాలు శ్రీహిత స్వీటీ తిన్నదంతా పొరపాటున నా పేరు మీద ఎక్కించింది. యాప్‌లోని డైటీషియన్ నుంచి వెంటనే మెసేజ్: "సూపర్ అంకుల్! ఇలాగే కంటిన్యూ చేయండి!" ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అలా మెచ్చుకోలేదు.

చవితికి విగ్రహం కోసం ధూల్‌పేట్ వెళ్లాం. నళిని విగ్రహాలన్నీ చూసి, బొజ్జ కాస్త తక్కువున్నది లేదా అని అడిగింది. పిల్లలకు తప్పుడు మెసేజ్ వెళ్తుందని ఆమె భయం. తయారుచేసే ఆయన బ్రష్ కింద పెట్టి, "బొజ్జ లేకుంటె గణపతెట్లయితడమ్మా?" అన్నాడు. పాపం, చదువుకోలేదు!

అన్నిటికన్నా గొప్ప సంగతి, మా ఇంట్లో ఇప్పుడు ఏదీ మిగలదు. మనిషికి రెండు చొప్పున ఎనిమిది ఇడ్లీలు, తొమ్మిదోది ఉండదు. వృథా సున్నా!

మా ఇంట్లో అంట్లు, బట్టలు, ఊడ్చి తుడవడం అన్నీ చూసే సుగుణమ్మ పొద్దున ఆరున్నరకల్లా నడిచి వస్తుంది. మేం తిన్నాక మిగిలిన టిఫిన్ ఆమెదని ఇరవై రెండేళ్ల ఆనవాయితీ. ఆమెకు పెట్టొద్దని ఎవరూ అనలేదు సుమా, మేమంత దుర్మార్గులం కాదు. మిగలడం ఆగిపోయింది, అంతే. కొన్నాళ్లకు సుగుణమ్మే డబ్బాలో రెండు జొన్నరొట్టెలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. స్వయం సమృద్ధి అంటే ఇదే కదా!

ఇంతలో పిడుగు పడింది. ఇల్లంతా చిక్కిపోతుంటే స్వీటీ మాత్రం మూడు వందల గ్రాములు పెరిగింది! కేశవ్ ముందు నన్ను అనుమానించాడు. నా పావు బిస్కెట్టులో దానికెంత పెట్టగలనో వాడే లెక్కేసి వదిలేశాడు. మూడోరోజు బట్టలుతికే బండ దగ్గర దొంగ దొరికింది. సుగుణమ్మ రొట్టె తుంచి స్వీటీకి పెడుతోంది.

"ఏంది సుగుణమ్మా గిది? గిట్ల పెడితె మా ప్లానంత ఖరాబ్ గాదా?" అని కేశవ్ గట్టిగానే లొల్లి చేశాడు.

"నేను తింటుంటె ముందర గూసోని నా మొకమే జూస్తది సారూ. దానికి ఆకలైతుంటె నాకెట్ల మింగుడు వడ్తది?" అంది సుగుణమ్మ.

శాస్త్రం ముందు ఇలాంటి మాటలు నిలుస్తాయా? ఆ సాయంత్రం కుటుంబ సమావేశం పెట్టి, సుగుణమ్మ డబ్బా గేటు లోపలికి రాకూడదని తీర్మానించాం. నేనూ తలూపాను. పద్నాలుగు వందల క్యాలరీలతో ఎదురు చెప్పే శక్తి ఎక్కడిది?

పదిహేను రోజుల్లో స్వీటీ ఎనిమిది వందల గ్రాములు తగ్గింది. కేశవ్ దాని ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. మస్తు లైకులొచ్చాయి.

మొన్న పదిన్నరకు మెట్లు కడుగుతూ సుగుణమ్మ కళ్లు తిరిగి కూలబడింది. నళిని పరుగున వెళ్లి నీళ్లు తాగించింది. తర్వాత ఎంతో ప్రేమగా మందలించింది.

"పొద్దుగాల ఏమన్న తినొస్తె ఏమైతది సుగుణమ్మా? పానం మీద జర ఫికర్ ఉండొద్దా?"

సుగుణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బకెట్టు అందుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో సుగుణమ్మకోసమని ఈ ఇంట్లో ఒక్క గుప్పెడు బియ్యం ఎసట్లో పోయలేదు. కుక్కకోసం పోశాం, గ్రాము తేడా రాకుండా.