బర్గండీ వేటకూర

ఆ ఉదయం కుక్కుటేశ్వరరావు వేసుకున్న పథకం చిన్నదే. స్టోర్‌రూములో దాచిన సీసాను వీధి మలుపులో చెక్‌పోస్టు పెట్టిన ఇరాకీ కెప్టెన్‌కు సమర్పించుకోవాలి. కారు లాక్కోవద్దని బతిమాలాలి. వంటమనిషి పోలేరమ్మను ఎక్కించుకుని జోర్డాను మీదుగా ఇండియా దారి పట్టాలి.

కువైట్ నగర శివారు సల్వాలోని ఆ ఇంటికి అతను డ్రైవరు. యజమాని కుటుంబం వేసవికి ఫ్రాన్సు వెళ్ళింది. వాళ్ళు అక్కడ ఉండగానే, ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. ఇంట్లో మిగిలింది కోనసీమవాడైన అతనూ, రాయచోటి నుంచి వచ్చిన పోలేరమ్మా.

సీసా సంగతి యజమాని అతనికొక్కడికే చెప్పాడు. దేశంలో నిషేధమైన సరుకు మరి. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు వైను. కారు వెనక సీట్లో కూర్చుని ఆయన ఆ ప్రాంతం గురించి చెబుతుంటే కుక్కుటేశ్వరరావుకు ఎదుటి ట్రాఫిక్ కనిపించేది కాదు. మంచు కప్పిన కొండవాలు, నల్లద్రాక్ష తోటలు, తోటకూ తోటకూ మధ్య నాచు పట్టిన రాతిగోడలు. గోడ ఇవతలి ద్రాక్షకు ఒక రుచి, అవతలి దానికి ఇంకో రుచి. ఏ నేల చెక్కలో ఏ తీగ నాటాలో సన్యాసులు పూర్వం మట్టిని నాలిక మీద వేసుకుని చెప్పేవారట. రాత్రి కలలో అతను ఆ తోటల్లో లుంగీ ఎగగట్టుకుని తిరిగేవాడు.

స్టోర్‌రూములో సీసా ఉంది, ఖాళీగా.

"పోలేరమ్మా! ఇందులోది ఏవైంది?"

"అదా అన్నా? వెనిగరనుకుంటి. పుల్లటి వాసనొస్తాండె. చింతపండు అయిపోయుండాది గదా, వేటకూరలో పోసేస్తి."

"మొత్తం పోసేసేవా?"

"అంత మాంసానికి గలాసుడు యాడ సాలుతుంది?"

కుక్కుటేశ్వరరావు చతికిలబడ్డాడు. పొయ్యి మీద ఒక కొండవాలు మొత్తం అల్లం వెల్లుల్లితో కలిసి కుతకుతలాడుతోంది. వట్టి చేతులతో వెళ్ళలేక ఆ గిన్నే పట్టుకెళ్ళాడు.

కెప్టెన్ ఒక ముక్క తిని ఆగాడు. ఇంకోటి తిని తుపాకీ పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కుర్రతనంలో ఆయన చదువుకోవడానికి వెళ్ళింది ఆ బర్గండీకేనట. అద్దెకున్న ఇంటావిడ ఆదివారాలు వైనులో మాంసం ఉడికించేదట. ఆమె వంటింటి కిటికీ, సన్నటి వాన, తడిసిన ద్రాక్షాకులు... ఆయన చెబుతూ పోయాడు. కుక్కుటేశ్వరరావుకూ కళ్ళు చెమర్చాయి. నిప్పులు చెరిగే ఎండలో, ఇసుక బస్తాల పక్కన, ఇద్దరూ కాసేపు ఒకే మంచులో తడిశారు.

"మరి మా ప్రయాణం, సాబ్?"

"ఇలా వండే మనిషిని వదులుకుంటానా? రేపు మా కర్నల్ భోజనానికి వస్తున్నారు. ఇదే కూర కావాలి." కెప్టెన్ అతని చేతిలోంచి కారు తాళాలు లాక్కుని జేబులో వేసుకున్నాడు.

పోలేరమ్మకు అదేమంత చిక్కుగా తోచలేదు. "ఇంగో సీసా లేదా అన్నా?"

"ఎక్కడిదమ్మా! అది బర్గండీ! గోడకి ఇవతల ద్రాక్ష వేరు, అవతల ద్రాక్ష వేరూ..."

"గోడల సంగతి నాకేల? ఎర్రగా ఉంటే సాలు." అలమరలోంచి పిల్లలు తాగే వింటో షర్బత్తు తీసి, కొత్తగా పొయ్యెక్కించిన కూరలో ఒంపింది. తియ్యగా అయిందని గుప్పెడు మిరపకాయలు వేసింది. మంటెక్కిందని మిగిలిన షర్బత్తూ పోసింది. సాయంత్రానికి కూర పాకం పట్టింది.

మర్నాడు కర్నల్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక, కెప్టెన్ వంక చూశాడు. "ఇదేనా నువ్వు చూసిన ఫ్రాన్సు?"

కెప్టెన్ కూడా రుచి చూశాడు. ఇన్నేళ్ళూ పదిలంగా దాచుకున్న వాన, కిటికీ, ఇంటావిడ అన్నీ ఆ పాకంలో అంటుకుపోయాయి. "ఖలాస్! పొండి! ఇద్దరూ మళ్ళీ నా కంట పడొద్దు!" అని తాళాలు ఇసుకలోకి విసిరాడు. వీళ్ళు దారిలో మనసు మార్చుకుని తిరిగొస్తారేమోనని బస్రా రోడ్డు దాకా ఒక సిపాయిని తోడిచ్చి మరీ పంపాడు.

జోర్డాను శరణార్థుల శిబిరంలో వంట తెలిసినవాళ్ళు చేతులెత్తమన్నారు. పోలేరమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.